జూ కట్టే గేమ్‌లో ఏ జంతువులు పెట్టాలి? బెజవాడ మ్యాప్‌తో ఒక పూర్తి పద్ధతి

జూ కట్టే గేమ్ చేద్దామని కూర్చున్న ఏ బృందమైనా మొదటి రోజే ఒక జాబితా రాసేస్తుంది. పులి, సింహం, ఏనుగు, జిరాఫీ, జీబ్రా, పాండా, పెంగ్విన్, మొసలి... పది నిమిషాల్లో నలభై పేర్లు. అందరికీ హుషారు వస్తుంది. కొన్ని నెలలు గడిచాక చూస్తే ఆ నలభైలో పదో పన్నెండో తయారై ఉంటాయి. అవి కూడా ఆడేవాళ్లకు ఒకేలా అనిపిస్తాయి. కంచె వెయ్యి, తిండి పెట్టు, నీళ్ల తొట్టి పెట్టు, జనం వస్తారు. పులికీ జీబ్రాకీ తేడా బొమ్మలో తప్ప ఆటలో కనిపించదు.

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల కాలేజీల్లో గేమ్‌లు చేసే కుర్రాళ్లూ, పగలు ఉద్యోగం చేసి రాత్రిళ్లు యూనిటీ (గేమ్‌లు చేసే సాఫ్ట్‌వేర్) తెరిచి కూర్చునేవాళ్లూ బాగానే ఉన్నారు. ఈ వ్యాసం వాళ్ల కోసం. ఇద్దరు ముగ్గురు కలిసి ఫోన్‌లో ఆడే జూ గేమ్ చేస్తున్నారనుకుని, జంతువుల జాబితా ఎలా తేల్చుకోవాలో వరసగా చెబుతాను. దీని వెనక సూత్రం ఒక్కటే. జంతువును పేరు చూసి తీసుకోకండి, ఆడేవాళ్లకు అది పెట్టే చిక్కు చూసి తీసుకోండి. రెండు జంతువులు ఒకే చిక్కు పెడుతుంటే ఒకదాన్ని పక్కన పెట్టండి, అది ఎంత అందంగా ఉన్నా సరే.

మొదటి అడుగు: జంతువు కంటే ముందు నేల

మ్యాప్ ఎక్కడిదో తేలకుండా జాబితా రాయొద్దు. 2001లో వచ్చిన జూ టైకూన్ నుంచి 2019లో వచ్చిన ప్లానెట్ జూ దాకా ఈ తరహా పెద్ద గేమ్‌లు ప్రపంచం మొత్తాన్నీ నెత్తికెత్తుకున్నాయి. వాళ్ల దగ్గర మనుషులున్నారు, డబ్బుంది. ఇద్దరు ముగ్గురితో అదే పని మొదలుపెడితే పెద్ద గేమ్‌కు చవక నకలు తయారవుతుంది. ఒక్క ఊరి నేల తీసుకుంటే ఆ నేలే సగం నిర్ణయాలు చేసేస్తుంది.

విజయవాడనే తీసుకుందాం. ఊళ్లో చెప్పుకోదగ్గ పెద్ద జూ లేదు. పిల్లలు జూ చూస్తామంటే విశాఖకో, తిరుపతికో, హైదరాబాదుకో వెళ్లాల్సిందే. విశాఖ జూ 1977లో తెరిచారు, 625 ఎకరాలు. తిరుపతిది 1987 నాటిది, 5,500 ఎకరాలకు పైమాటే. అంటే బెజవాడలో జూ కట్టడం అనేదే ఇక్కడివాళ్లకు ఒక ఊరించే ఊహ. ఆ ఊహకు సరిపడా నేల కూడా ఉంది. ఒకపక్క కొండపల్లి గుట్టలు, మధ్యలో కృష్ణ, నదిలో లంకలు, గుంటూరు వైపు నల్లరేగడి, దిగువన దివిసీమ దాటాక మడ అడవులు, ఎగువన నల్లమల. ఒక్క మ్యాప్‌లో రాతి గుట్ట, గడ్డినేల, మంచినీటి ఒడ్డు, ఉప్పునీటి బురద దొరుకుతున్నాయి. ఈ నాలుగు రకాల నేలకూ కనీసం నాలుగేసి జంతువులు ఉండాలని రాసిపెట్టుకోండి. జాబితాలో ఏ నేలైనా బోసిగా ఉంటే వెంటనే తెలుస్తుంది.

వాతావరణం కూడా ఇక్కడే తేల్చాలి. బెజవాడ ఎండ సంగతి మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మే నెలలో 45 డిగ్రీల వేడిలో పెంగ్విన్లను పెంచాలంటే ఏసీ హాలు కట్టాలి, కరెంటు బిల్లు కట్టాలి, కరెంటు పోతే జనరేటర్ తిరగాలి. ఇది మంచి చిక్కే. అందుకే పెంగ్విన్‌ను నేను పూర్తిగా కొట్టెయ్యను. డబ్బు బాగా చేరిన ఆటగాడికి చివర్లో దొరికే ఖరీదైన సరదాగా ఒక్కదాన్నే ఉంచుతాను. ధ్రువపు ఎలుగుబంటి, మంచు చిరుత, రెయిండీర్ మాత్రం వద్దు. అవి పెట్టే చిక్కు కూడా అదే: చల్లగా ఉంచడం. ఒక చిక్కుకు ఒక జంతువు చాలు.

మన జంతువులకు కూడా ఎండాకాలం ఖర్చు పెట్టించండి. జూలలో వేసవి వస్తే స్ప్రింక్లర్లు, కూలర్లు పెడతారు, తడిపిన గోనెపట్టాలు కడతారు, పుచ్చకాయలు వేస్తారు. ఇవన్నీ గేమ్‌లో వస్తువులుగా పెట్టుకోవచ్చు. వాటి వల్ల ఏ జంతువు ఎండకు ఎంత తట్టుకుంటుందనేది తర్వాతి అడుగులో చేసే షీట్‌లో ఒక గడి అవుతుంది.

వరద సంగతి కొంచెం ఆలోచించి పెట్టండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు నీళ్లలో మునిగింది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైంది. ఆ రోజులు చూసినవాళ్లు మీ గేమ్ ఆడతారు. వరదను వినోదంగా చూపించకండి. కానీ పల్లంలో ఏ జంతువు ఉండొచ్చు, మెరక మీద ఏది ఉండాలి అన్న ప్రశ్న మాత్రం నదిపక్క జూకి నిజంగానే ఉంటుంది. మొసలి ఎన్‌క్లోజర్ (దాన్ని ఉంచే ఆవరణ) గట్టు మునిగిందంటే మొసలి బయటకు ఈదుకొచ్చేస్తుంది, పక్కనున్న నేల తాబేళ్ల గుంట మునిగిందంటే అవి చస్తాయి. ఎవరిని ఎక్కడ పెట్టాలో ఆడేవాళ్లు ముందే ఆలోచిస్తారు.

రెండో అడుగు: షీట్

ఒక ఎక్సెల్ షీట్ తెరవండి. అడ్డంగా జంతువుల పేర్లు రాయకండి, నిలువుగా ఒక్కో వరసలో ఒక్కోటి రాయండి. గళ్లు ఇవీ: నేల, నీరు ఎంత కావాలి, ఎండకు ఎంత తట్టుకుంటుంది, ఒంటరా గుంపా, పగలు తిరుగుతుందా రాత్రా, కంచె ఎలాంటిది, తిండి, పిల్లలు ఎన్ని ఎప్పుడు, జనానికి మోజు ఎంత, బొమ్మ చేయడానికి పని ఎంత. అన్నిటికంటే వెడల్పుగా ఉండాల్సింది చివరి గడి. అందులో ఒక్క వాక్యం రాయాలి: ఇది ఆడేవాళ్లకు పెట్టే చిక్కు ఏమిటి?

ఆ వాక్యం రాయలేకపోతే ఆ జంతువు ఇంకా తయారు కాలేదని అర్థం. "చాలా అందంగా ఉంటుంది" అనేది చిక్కు కాదు.

ఒకటి నింపి చూపిస్తాను. బావురు పిల్లి, అదే ఫిషింగ్ క్యాట్. కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంలోని మడ అడవుల్లో ఉంటుంది. ఇంటి పిల్లికి రెట్టింపు ఉంటుంది, మగది 8 నుంచి 16 కిలోల దాకా తూగుతుంది. కాలివేళ్ల మధ్య కొద్దిగా పొర ఉంటుంది, నీళ్లలోకి తలముందుగా దూకి చేపను పట్టుకుంటుంది. ఎక్కువగా రాత్రిపూట తిరుగుతుంది, ఒంటరిది. నేల గడిలో బురద, మడ చెట్లు. నీటి గడిలో ఎన్‌క్లోజర్‌లో సగం, అందులో బతికున్న చేపలు. కంచె గడిలో పైకప్పు ఉన్న వల, ఎందుకంటే ఎక్కగలదు. తిండి ఖర్చు తక్కువ. మోజు మొదట్లో తక్కువే, దాని పేరు విన్నవాళ్లు కొద్దిమంది. చిక్కు గడిలో ఇలా రాశాను: పగలు దాక్కుంటుంది, జనం దాన్ని చూడకుండానే వెళ్లిపోతారు. అద్దం వెనక నీటి గుంట కట్టి, మేత వేళను జనం వచ్చే వేళకు కలిపితేనే అది చేపకు దూకడం కనిపిస్తుంది. కనిపించిందంటే మోజు అమాంతం పెరుగుతుంది.

ఇప్పుడు దీని పక్కన జాగ్వార్ గడులు నింపి చూడండి. పెద్ద పిల్లి, ఒంటరిది, ఎక్కుతుంది, ఈదుతుంది, మోజు ఎక్కువ. అందులో చిరుత పెట్టని చిక్కు ఏముంది? నాకైతే కనిపించలేదు. బావురు పిల్లి ఉంటుంది, జాగ్వార్ పోతుంది. ఇలాంటి నిర్ణయాల దగ్గరే బృందంలో గొడవలు వస్తాయి, రానివ్వండి. షీట్ మీద గొడవపడటం చవక. బొమ్మ చేశాక గొడవపడితే నెల రోజుల పని పోతుంది.

మూడో అడుగు: తప్పని పేర్లు

కొన్ని లేకుండా జనం గేమ్ డౌన్‌లోడ్ చెయ్యరు. పులి, ఏనుగు, సింహం, జిరాఫీ, మొసలి. ఈ అయిదింటితో వాదన పెట్టుకోకండి. కాకపోతే వాటిని కూడా షీట్‌లో నింపి, చిక్కు రాయాల్సిందే.

పులి ఒంటరిది. రెండు పెద్ద మగవాటిని ఒకచోట ఉంచలేరు. జత కట్టే కాలంలో తప్ప ఆడదాన్నీ విడిగానే ఉంచాలి. కాబట్టి పులి చిక్కు స్థలం: మూడు పులులంటే మూడు ఎన్‌క్లోజర్లు, వాటి మధ్య మూసే తలుపులు. సింహం దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. మందగా ఉండాలి, ఒంటరిగా ఉంచితే దిగాలుపడుతుంది. ఆఫ్రికా సింహం పెట్టాలా, గిర్ సింహం పెట్టాలా అని అడుగుతారు. నేను గిర్ సింహానికే ఓటేస్తాను. మగదాని జూలు పలచగా ఉండి చెవులు కనిపిస్తాయి, పొట్ట కింద పొడుగునా చర్మం మడత ఉంటుంది, ఆ రెండూ బొమ్మలో చూపిస్తే తెలిసినవాళ్లు మెచ్చుకుంటారు. పైగా అడవిలో ఈ సింహాలు గుజరాత్‌లో తప్ప ఇంకెక్కడా లేవు, 2025 లెక్కల్లో 891 తేలాయి. ఒక్క ప్రాంతంలోనే ఉన్న జంతువుకు రోగం వస్తే ఏమవుతుందన్న భయం నిజంగా ఉంది. మీ జూలో పుట్టిన పిల్లలకు దానివల్ల ఒక విలువ వస్తుంది.

ఏనుగు తిండిపోతు, రోజుకు 150 కిలోల దాకా మేస్తుంది. ఆడవి పెద్దమ్మ వెనక గుంపుగా ఉంటాయి, మగది ఎదిగాక విడిపోతుంది. ఒక్క ఏనుగును తెచ్చి పెడితే ఆడేవాళ్లకు మార్కులు తగ్గాలి. ఏనుగును కొనడం కంటే పోషించడమే కష్టం, అదే దాని చిక్కు.

తెల్ల పులిని వేరే జంతువుగా లెక్కెయ్యొద్దు. మొదటి జూ టైకూన్‌లో దాన్ని విడిగానే పెట్టారు, పిల్లలకు నచ్చింది కూడా. కానీ అది వేరే జాతి కాదు, మామూలు బెంగాల్ పులిలో అరుదుగా వచ్చే రంగు మార్పు. 1951లో రేవా మహారాజు పట్టించిన మోహన్ అనే తెల్ల పులి సంతానాన్ని తమలో తమకే జత కట్టించడం వల్ల జూలలో వాటి సంఖ్య పెరిగింది, దాంతోపాటే మెల్లకన్ను లాంటి లోపాలూ వచ్చాయి. గేమ్‌లో దాన్ని పులికి వచ్చే రంగుగా పెట్టండి. తెల్ల పిల్లల కోసం అన్నాచెల్లెళ్లను జత కట్టించే ఆటగాడికి జనం పెరుగుతారు, పిల్లల ఆరోగ్యం తగ్గుతుంది. ఒక్క జంతువు ఖర్చు లేకుండా బ్రహ్మాండమైన చిక్కు దొరికింది.

నాలుగో అడుగు: ఎవరు ఎవరితో ఉంటారు

చిన్న గేమ్‌కు ప్రాణం ఇక్కడే ఉంది. ఒక్కో జంతువుకు ఒక్కో ఎన్‌క్లోజర్ పెట్టుకుంటూ పోతే పదో ఎన్‌క్లోజర్ దగ్గర ఆడేవాళ్లకు ఆవలింత వస్తుంది. కలిసి ఉండగల జంతువులుంటే ఆట ఆలోచనగా మారుతుంది.

కృష్ణజింక, చుక్కల దుప్పి, మనుబోతు (నీల్గాయ్), నెమలి. ఈ నాలుగూ ఒకే గడ్డినేలలో బాగా సర్దుకుంటాయి. చుక్కల దుప్పికి చెట్టు నీడ కావాలి, కృష్ణజింకకు బయలు కావాలి. సగం చెట్లు, సగం బయలు ఉన్న ఎన్‌క్లోజర్ కడితే రెండూ కుదురుగా ఉంటాయి. కృష్ణజింక మన రాష్ట్ర జంతువు కాబట్టి మోజు కొంచెం ఎక్కువ ఇవ్వొచ్చు. అసలు సంగతి దాని మగవాటిలో ఉంది. ఎదిగిన మగది నల్లగా మారుతుంది, మెలితిరిగిన కొమ్ములు వస్తాయి, తనదంటూ కొంత నేల పట్టుకుని మరో మగదాన్ని రానివ్వదు. నల్లటి మగవి ఎంత ఎక్కువ ఉంటే చూడ్డానికి అంత బాగుంటుంది, అంత కొట్లాటా ఉంటుంది. ఎన్ని మగవాటిని ఉంచుకోవాలో ఆడేవాళ్లే తేల్చుకోవాలి. ఈ ఒక్క జంతువుకే మగ, ఆడ, పడుచు మగ అని మూడు రంగుల టెక్స్చర్లు (బొమ్మ ఒంటి మీది పూతలు) పెట్టడం దండగ కాదు, అవి చూసే కొట్లాట రాబోతోందని తెలుస్తుంది.

చిరుతకు పులి కంచె వేస్తే పారిపోతుంది. పులికి లోతైన కందకం, ఎత్తు గోడ చాలు. చిరుత చెట్టెక్కుతుంది, గోడెక్కుతుంది, పైన మూసెయ్యాలి. పెద్ద పిల్లుల్లో మూడోది కావాలని పట్టుబట్టేవాళ్లకు ఇందుకే చిరుతను ఒప్పుకుంటాను.

రేచుకుక్కలు (అడవి కుక్కలు) గుంపుగా వేటాడతాయి, పైగా పగలే తిరుగుతాయి. జనానికి కనిపించే మాంసాహారి కావాలంటే వీటికి మించినవి లేవు. ఒకే గుంపును ఉంచాలి, మధ్యలో కొత్తదాన్ని తెచ్చి కలిపితే కుదరదు. తోడేలు, నక్క కూడా పెడదామంటారు. తోడేలును తర్వాతి అప్‌డేట్‌కు దాచండి. నక్కను అసలు కొనే జంతువుగా పెట్టకండి. కంచె కింద సందు ఉంటే రాత్రిపూట దానంతటదే వచ్చి నెమలి గుడ్లు తినిపోవాలి.

అయిదో అడుగు: పిల్లలు పుట్టాక ఏం చేస్తారు

జాబితాలో ప్రతి జంతువూ పిల్లల్ని కనే వేగం వేరుగా ఉండాలి. నిజం లెక్కలు తీసుకుని, గేమ్ కాలానికి తగ్గట్టు కుదించండి. పులి కడుపుతో ఉండేది సుమారు మూడున్నర నెలలు, మామూలుగా రెండు నుంచి నాలుగు పిల్లలు. ఏనుగుకు దాదాపు 22 నెలలు, ఒక్కటే గున్న. జిరాఫీకి 15 నెలలు, పుట్టిన పిల్లే ఆరడుగుల ఎత్తు ఉంటుంది. మొసలి ఒక్కసారే పాతిక ముప్ఫై గుడ్లు పెడుతుంది, ఆ గుడ్లలో మగవా ఆడవా అన్నది గూటి వేడిని బట్టి తేలుతుంది. ఆఖరి విషయం గేమ్‌కు వరం లాంటిది. ఇసుక గట్టు నీడలో కట్టారా, ఎండలో కట్టారా అన్నదాన్ని బట్టి మగ, ఆడ మారతాయి. మాచర్ల దగ్గర ఎత్తిపోతల చూసినవాళ్లకు అక్కడి మొసళ్ల కేంద్రం గుర్తుంటుంది. మ్యాప్‌లో అలాంటి గుడ్ల కేంద్రానికి చోటు పెట్టండి.

చుక్కల దుప్పి పెట్టే చిక్కు వేరే. అది ఇబ్బడిముబ్బడిగా పెరిగిపోతుంది. మన జూలలో దుప్పులు ఎక్కువైతే అడవుల్లోకి వదులుతారు. గేమ్‌లో కూడా అలాగే చెయ్యండి. దుప్పుల సంఖ్య దాటితే గడ్డి నేల బోడిగా మారాలి. వాటిని నల్లమలకు పంపే లారీ ఒకటి ఉండాలి. నాగార్జునసాగర్-శ్రీశైలం దేశంలోనే అతి పెద్ద పులుల అభయారణ్యం, అక్కడ పులికి దుప్పి కావాలి. లారీ పంపితే ఆడేవాళ్లకు డబ్బు రాదు, పరిరక్షణ పాయింట్లు వస్తాయి. ప్లానెట్ జూలోనూ ఒక విధానంలో డబ్బు వేరు, పరిరక్షణ పాయింట్లు వేరు. ఆ రెండు సంచుల పద్ధతి బాగుంటుంది, తీసుకోండి.

అమ్మకాల విషయంలో మాత్రం పెద్ద గేమ్‌లను చూసి రాయకండి. మన దేశంలో జూ అంటే సంతలో పశువును కొన్నట్టు జంతువును కొనేది కాదు. 1992లో ఏర్పడిన కేంద్ర జూ ప్రాధికార సంస్థ అనుమతితో ఒక జూ మరో జూతో మార్చుకోవాలి. జంతువుల మార్పిడిని గేమ్‌లో పెట్టి చూడండి, ఆట ఎంత మారుతుందో. మీ దగ్గర దుప్పులు మిగిలాయి, విశాఖ వాళ్ల దగ్గర తోడేళ్లు మిగిలాయి. వాళ్లకు దుప్పులు అక్కర్లేదు, ఎలుగుబంటి కావాలి. ఎలుగుబంటి హైదరాబాదులో ఉంది. బేరం మొదలవుతుంది. అందుకే జాబితాలో ప్రతి జంతువుకూ "దీన్ని ఎవరు అడుగుతారు" అన్న గడి కూడా కలపండి. ఎవరూ అడగని జంతువు మీ జూలోనే పేరుకుపోతుంది, అదీ ఒక చిక్కే.

ఆరో అడుగు: ఎముకల లెక్క

ఇక్కడికొచ్చేసరికి షీట్‌లో ముప్ఫై దాకా పేర్లు ఉంటాయి. ఇప్పుడు బొమ్మలు చేసే మనిషిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి. పిలవకుండా ముందుకెళితే ఆ మనిషి తర్వాత మీతో మాట్లాడడు.

కదిలే ప్రతి బొమ్మకూ లోపల ఒక రిగ్ ఉంటుంది, అంటే ఎముకల గూడు. నడక, పరుగు, మేత, నిద్ర యానిమేషన్లన్నీ దాని మీదే కడతారు. కొత్త రిగ్ అంటే కొత్త పని. ఉన్న రిగ్‌ను సాగదీసి వాడుకోగలిగితే పని మూడో వంతుకు పడిపోతుంది. నా లెక్క ఇలా ఉంటుంది: కొత్త రిగ్‌కు 8 పాయింట్లు, ఉన్న రిగ్ మీద కొత్త జంతువుకు 3, ఎక్కడం, ఈదడం, ఎగరడం, తొండం లాంటి ప్రత్యేక కదలికకు అదనంగా 4. పులికి 8, అదే రిగ్ మీద సింహానికి 3, ఎక్కాలి కాబట్టి చిరుతకు 7, ఈదాలి కాబట్టి బావురు పిల్లికి 7. మొత్తం 25 పాయింట్లకు నాలుగు పిల్లులు వచ్చాయి. ఏనుగుకు తొండంతో కలిపి 12, జిరాఫీకి 8. రెంటికే 20. జిరాఫీ మెడకు సరిపోయే రిగ్ జాబితాలో ఇంకెవరికీ పనికిరాదు. అందుకే తప్పని పేర్లు అయిదింటిని మించకూడదు.

కృష్ణజింక రిగ్ మీద దుప్పి, మనుబోతు, కణితి (సాంబార్) వస్తాయి. మగ్గర్ మొసలి రిగ్ మీద ఘరియల్ వస్తుంది. దాని ముట్టె సన్నగా పొడుగ్గా ఉంటుంది, చేపలే తింటుంది, గూడుకు ఇసుక తిన్నె కావాలి. కృష్ణలో కనిపించేది మగ్గర్, ఘరియల్‌ను మార్పిడిలో చంబల్ నది వైపు నుంచి తెచ్చుకోవాలి. 3 పాయింట్లకు ఇంత తేడా ఉన్న జంతువు దొరకడం అరుదు. రేచుకుక్క రిగ్ తోడేలుకు, దుమ్ములగొండికి పనికొస్తుంది. దుమ్ములగొండికి ముందు భాగం ఎత్తు, వెనక భాగం కుంగి ఉండేలా సర్దాలి.

ఎలుగుబంటికి రిగ్ విడిగా చెయ్యాల్సిందే. అయినా దాన్ని వదులుకోకండి. మన ఎలుగుబంటి పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని తిరుగుతుంది, చెదపుట్టను గోళ్లతో తవ్వి మూతి పెట్టి పురుగుల్ని జుర్రుకుంటుంది. ఆ రెండు యానిమేషన్లు బాగా కుదిరితే ఫోన్ పక్కనున్నవాళ్లకు చూపిస్తారు. ప్రకటనల మీద ఖర్చుపెట్టే డబ్బును వీపు మీది పిల్ల మీద పెట్టమంటాను.

కోతుల దగ్గర జాగ్రత్త. కొండముచ్చు ఒక్కటే తీసుకున్నా ఎక్కడం, దూకడం, వేలాడటం అన్నీ చెయ్యాలి. కట్టడాల మీద ఎక్కడ పట్టు దొరుకుతుందో కోడ్‌కు తెలియాలి. మొదటి విడుదలకు కోతులు వద్దు. దుర్గ గుడి మెట్ల మీద కోతుల్లా అవి జనం చేతుల్లోంచి తిండి లాక్కుంటాయని పెడితే నవ్వొస్తుంది, నిజమే. అప్‌డేట్‌లో నవ్వుకుందాం.

ఏడో అడుగు: వాటంతట అవి వచ్చేవి

గుంటూరు పక్కన ఉప్పలపాడు ఉంది. ఊరి చెరువుల్లో తుమ్మచెట్లు, వాటి మీద వందల పక్షులు. పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకుంటాయి. వాటిని ఎవరూ కొని తేలేదు, కంచె వెయ్యలేదు. నీళ్లున్నాయి, చెట్లున్నాయి, ఊరివాళ్లు వాటి జోలికి పోలేదు. కొల్లేరులో ఆటపాకదీ ఇదే కథ.

జూ గేమ్‌లలో ఈ రకం జంతువు చాలా తక్కువ కనిపిస్తుంది, మీకు అందుబాటులో ఉన్న పెద్ద బలం ఇదే. జాబితాలో మూడో నాలుగో పక్షుల్ని "రప్పించుకునేవి" అని విడిగా రాయండి. వీటికి ధర ఉండదు. ఆడేవాళ్లు చెరువు తవ్వాలి, లోతు సరిగ్గా పెట్టాలి, మధ్యలో దిబ్బ మీద తుమ్మచెట్లు నాటాలి, పక్కన లౌడ్‌స్పీకర్ ఉన్న ఫుడ్ కోర్టు పెట్టకూడదు. అన్నీ కుదిరితే శీతాకాలం ముందు రెండు పక్షులు వచ్చి చూసిపోతాయి. నచ్చితే ఆ ఏడాదే గూళ్లు, లేకపోతే మళ్లీ ఏడాదికే. ఎగరడానికి అదనపు 4 పాయింట్లు అవుతాయి గానీ ఒకసారి పెలికాన్‌కు చేస్తే కొంగకూ అదే కదలిక సర్దుకోవచ్చు. పక్షులు ఎన్‌క్లోజర్‌లో తిరగవు కాబట్టి దగ్గరి యానిమేషన్లు చాలా తగ్గుతాయి. దూరం నుంచి చూసే పక్షికి ఫోన్ మీద బరువూ తక్కువే.

రామచిలుక రాష్ట్ర పక్షి, దాన్నీ ఈ వరసలోనే పెట్టండి. పంజరంలో మాత్రం పెట్టకండి, ఇంట్లో చిలుకను పెంచడం చట్టప్రకారం నేరం.

ఎనిమిదో అడుగు: కొనకూడనివి, కాపాడాల్సినవి

నక్షత్ర తాబేలు, అలుగు (పాంగోలిన్), దేవాంగ పిల్లి (లోరిస్). ఈ మూడింటినీ జనం దొంగతనంగా పట్టి అమ్ముతుంటారు. నక్షత్ర తాబేలు వ్యాపారం ఎంత ముదిరిందంటే 2019లో అంతర్జాతీయంగా దాన్ని అత్యంత కట్టుదిట్టమైన జాబితాలోకి మార్చారు. ఇలాంటివి గేమ్ దుకాణంలో ధర చీటీతో కనిపించకూడదు. అటవీశాఖ వాళ్లు సోదాలో పట్టుకున్న సంచితో మీ గేటు ముందుకు రావాలి. తీసుకుంటారా, చోటు లేదంటారా?

తాబేలు తేలిక, 8 పాయింట్లలోనే అయిపోతుంది. దేవాంగ పిల్లి రాత్రి జంతువు, దానికోసం చీకటి గది కావాలి. హైదరాబాద్ జూలో ఉన్నట్టు పగలు చీకటిగా, రాత్రి వెలుతురుగా ఉండే గది కట్టాలి. అప్‌డేట్‌కు బాగుంటుంది. అలుగును పెంచడం నిజంగానే చాలా కష్టం, చీమలు, చెదలు తప్ప సరిగ్గా తినదు. కాబట్టి దాన్ని మీ జూలో ఉంచుకునే వీలే ఇవ్వకండి. వైద్యం చేసి, కొండపల్లి అడవిలో వదిలిపెట్టే చిన్న పనిగా పెట్టండి. ఒక్క రిగ్, మూడు యానిమేషన్లు, ఎన్‌క్లోజర్ అక్కర్లేదు.

ఏనుగు మీద సవారీ, పులితో సెల్ఫీ, పాములవాడి ఆట లాంటివి ఆదాయం కోసం పెడదామని ఎవరో ఒకరు అంటారు. వద్దు. ఇవి పెడితే గేమ్‌లో తేలిగ్గా డబ్బొస్తుంది, మిగతా చిక్కులన్నీ వృథా అవుతాయి.

తొమ్మిదో అడుగు: కార్డులతో ఆడించండి

కోడ్ రాయకముందే జాబితాను కాగితం మీద ఆడించవచ్చు. ఒక్కో జంతువుకు ఒక్కో కార్డు కత్తిరించండి. ఒకపక్క బొమ్మ, రెండోపక్క నేల, తోడు, ఖర్చు, చిక్కు. మ్యాప్‌ను చార్టు మీద గీసి పది ఎన్‌క్లోజర్ల చోటు మాత్రమే ఇవ్వండి. అపార్ట్‌మెంటులో వేసవి సెలవులకు వచ్చిన పిల్లల్ని కూర్చోబెట్టి, ఇష్టమొచ్చిన జంతువులు తీసుకోమనండి. మీరు మాట్లాడకుండా చూడండి.

గమనించాల్సినవి రెండే. ఎవరూ ముట్టని కార్డు ఏది, అందరూ మొదటే లాక్కునే కార్డు ఏది. ముట్టని కార్డు మీద చిక్కు అర్థంకాకుండా రాసి ఉండొచ్చు, మార్చి మళ్లీ పెట్టండి. అప్పటికీ ముట్టకపోతే తీసెయ్యండి. అందరూ లాక్కునే కార్డు మరీ చవకైనదని అర్థం, ఖర్చు పెంచండి. పిల్లలు అడిగే ప్రశ్నల్ని అలాగే రాసుకోండి. "అన్నా, చెరువు ఎండిపోతే ఈ పిల్లి ఏం తింటది?" అని ఎవరైనా అడిగారంటే ఆ కార్డు పాసైనట్టే. "ఇది ఏం చేస్తది?" అని అడిగితే పాస్ కానట్టు. పెద్దవాళ్లతో కూడా ఆడించండి గానీ వాళ్లు మర్యాదకు బాగుందంటారు.

నా చేతికి అప్పగిస్తే బెజవాడ మ్యాప్ మొదటి విడుదలకు ఇవి ఉంచుతాను: పెద్దపులి, గిర్ సింహం, చిరుత, బావురు పిల్లి, ఏనుగు, జిరాఫీ, కృష్ణజింక, చుక్కల దుప్పి, మనుబోతు, ఎలుగుబంటి, రేచుకుక్క, మగ్గర్, ఘరియల్, నక్షత్ర తాబేలు, నెమలి. చివరి సరదాగా పెంగ్విన్. రప్పించుకునేవిగా పెలికాన్, ఎర్రకాళ్ల కొంగ, రామచిలుక. చొరబడేదిగా నక్క. కాపాడి వదిలేదిగా అలుగు. జీబ్రా, పాండా, కంగారూ, నీటిగుర్రం లేవు. పాండా లేదని రివ్యూల్లో ఒక స్టార్ పడుతుంది, పడనివ్వండి.

అప్‌డేట్లకు దాచినవాటిని ఒక్కొక్కటిగా వదలకండి, ఒక్కో కొత్త చిక్కుతో జట్టుగా వదలండి. చీకటి గదితో దేవాంగ పిల్లి, ముళ్లపంది. ఎక్కే కట్టడాలతో కొండముచ్చు. పెద్ద బయలుతో చీతా: 2022 సెప్టెంబరు 17న నమీబియా నుంచి ఎనిమిది చీతాలు మధ్యప్రదేశ్‌లోని కూనో అడవికి వచ్చినప్పటి నుంచి దాని మీద మోజు బాగా ఉంది. పైగా బందీగా ఉంటే జత కట్టడానికి అది చాలా పేచీ పెడుతుంది, పులులతో తేలిగ్గా పిల్లల్ని సాధించిన ఆటగాళ్లకు పని కల్పిస్తుంది.

జాబితా తేలాక ప్రతి జంతువుకూ ఒక ఐడీ నంబరు ఇచ్చి అదే షీట్‌లో మొదటి గడిలో రాసుకోండి. మధ్యలో ఏదైనా జంతువును తీసేస్తే దాని నంబరును ఇంకో జంతువుకు ఎప్పటికీ ఇవ్వకండి. ఇచ్చారో, అప్‌డేట్ అయిన మర్నాడు ఎవరో సేవ్ చేసుకున్న పాత ఆట తెరిచేసరికి దుప్పుల మధ్య మొసళ్లు మేస్తుంటాయి.